హైస్మన్ ఒకరిది, హాల్ ఆఫ్ ఫేమ్ ఇంకొకరిది: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గౌరవాల చిక్కుముడి

2024 డిసెంబరులో, ఒకే వారంలో, అమెరికాలో ఇద్దరు కుర్రాళ్లు ‘ఈ ఏటి మేటి కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు’ అనిపించుకున్నారు. కొలరాడో యూనివర్సిటీ ఆటగాడు ట్రావిస్ హంటర్‌కు హైస్మన్ ట్రోఫీ వచ్చింది. బాయిసీ స్టేట్ ఆటగాడు యాష్టన్ జెంటీకి మాక్స్‌వెల్ అవార్డు వచ్చింది. రెండూ ఆ సీజన్‌లో అందరికంటే బాగా ఆడినవాడికి ఇచ్చేవే. వాల్టర్ క్యాంప్ అవార్డు కూడా దాదాపు అదే పనికి ఉంది, అది మళ్లీ హంటర్‌కే వెళ్లింది. పిల్లలు అమెరికాలో చదువుతున్న తల్లిదండ్రులకే కాదు, అక్కడ పదేళ్లుగా ఉంటున్న మనవాళ్లకు కూడా ఇదంతా అయోమయంగానే ఉంటుంది. ఇందులో అసలు అవార్డు ఏది? ఎవరు ఇస్తారు? ఆ అధికారం వాళ్లకు ఎక్కడిది?

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాల్, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేది. జీతాలిచ్చి ఆడించే ఎన్ఎఫ్ఎల్ వేరు, యూనివర్సిటీల మధ్య జరిగే కాలేజీ ఫుట్‌బాల్ వేరు. ఈ వ్యాసం రెండోదాని గురించే.

ప్రభుత్వం ఇవ్వని అవార్డులు

మనకు అర్జున, ఖేల్ రత్న లాంటివి కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. నియమాలు ఒకచోట ఉంటాయి, రాష్ట్రపతి భవన్‌లో అందజేస్తారు, వివాదం వస్తే ఎవర్ని అడగాలో తెలుసు. అమెరికాలో క్రీడల మంత్రిత్వ శాఖే లేదు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ ఉంది గానీ, పేరున్న ఫుట్‌బాల్ గౌరవాల్లో చాలావాటితో దానికి సంబంధం లేదు. హైస్మన్‌ను ఒక ట్రస్టు ఇస్తుంది. మాక్స్‌వెల్‌ను ఫిలడెల్ఫియాలోని ఒక క్లబ్బు ఇస్తుంది. అవుట్‌ల్యాండ్ ట్రోఫీని ఫుట్‌బాల్ విలేకరుల సంఘం, లొంబార్డీని హ్యూస్టన్ రోటరీ క్లబ్బు మొదలుపెట్టాయి.

ఎవరైనా ఒక ట్రోఫీ చేయించి ‘ఇది దేశంలో ఉత్తమ ఆటగాడికి’ అనవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. జనం ఒప్పుకుంటారా లేదా అన్నదే లెక్క. ఆ ఒప్పుకోలు ఒక్క రోజులో రాదు. ఎవరో ఒక నిర్వాహకుడు ఏటా ఓటర్ల జాబితా సరిచూసి, బ్యాలెట్లు పంపి, విందుకు పాత విజేతల్ని పిలిచి, వాళ్లు రానంటే బతిమాలి, ఇలా నలభై యాభై ఏళ్లు చేస్తే వస్తుంది. అందుకే ఈ సంస్థల చరిత్రలో సగం రికార్డు పుస్తకాల్లో ఉంటే, మిగతా సగం రిటైరైన నిర్వాహకుల జ్ఞాపకాల్లో ఉంటుంది.

ఆ జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో ప్రశ్న. మాక్స్‌వెల్ అవార్డు పేరు రాబర్ట్ ‘టైనీ’ మాక్స్‌వెల్ అనే స్వార్త్‌మోర్ కాలేజీ ఆటగాడిది. 1905లో దెబ్బలు తిని రక్తమోడుతున్న మాక్స్‌వెల్ ఫోటో పత్రికలో చూసి ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ చలించిపోయి, ఆటను సంస్కరించకపోతే నిషేధిస్తానన్నాడని ఒక కథ తరతరాలుగా నడుస్తోంది. ఆ ఏడాది అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధుల్ని రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌కు పిలిపించిన మాట నిజం. ఎన్‌సీఏఏకు మాతృసంస్థ 1906లో పుట్టిన మాట నిజం. ఆ ఫోటో మాత్రం వెతికిన పరిశోధకులకు దొరకలేదు. విందు ఉపన్యాసాల్లో కథలు ఇలాగే ముదురుతాయి.

ఆల్-అమెరికా: ఒక జాబితా అయిదు జాబితాలైన వైనం

ఈ గౌరవాల్లో అన్నిటికంటే పాతది ఆల్-అమెరికా జట్టు. ఇది నిజంగా ఆడే జట్టు కాదు. ఒక్కో స్థానంలో దేశంలో ఎవరు మేటి అని ఏరి రాసిన కాగితం మీది జట్టు. 1889లో పత్రికా సంపాదకుడు క్యాస్పర్ విట్నీ, యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ పేర్లతో మొదటి జాబితా వచ్చింది. ఆటకు నేటి రూపం ఇచ్చినవాళ్లలో క్యాంప్ ముఖ్యుడు. జాబితాలో పదకొండు మంది ఉంటే అయిదుగురు ప్రిన్స్‌టన్, ముగ్గురు హార్వర్డ్, ముగ్గురు యేల్. ‘ఆల్ అమెరికా’ అన్నారు గానీ అమెరికా అంతా మూడు కాలేజీల్లోనే ఉంది!

ఇందులో మోసమేమీ లేదు. టీవీ, రేడియో లేని కాలంలో, రైలెక్కి వెళ్లి చూడగలిగిన మ్యాచ్‌లనుంచే ఎంపిక జరిగేది. 1925లో క్యాంప్ చనిపోయాక ఒక్క మనిషి మాట చెల్లే రోజులు పోయాయి. అదే ఏడాది నుంచి అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) సొంత జాబితా ఇవ్వసాగింది. తర్వాత స్పోర్టింగ్ న్యూస్ పత్రిక, ఫుట్‌బాల్ విలేకరుల సంఘం, కోచ్‌ల సంఘం చేరాయి. క్యాంప్ పేరిట 1967లో యేల్ ఉన్న న్యూ హేవెన్‌లో ఫౌండేషన్ ఏర్పడి, ఆ జాబితా కూడా అందులో కలిసింది.

ఎన్‌సీఏఏ ఇప్పుడు ఈ అయిదింటినే లెక్కలోకి తీసుకుంటుంది. ఎక్కువ జాబితాల్లో మొదటి జట్టులో ఉన్న ఆటగాడు ‘కన్సెన్సస్ ఆల్-అమెరికన్’. అయిదింటిలోనూ ఉంటే ‘యునానిమస్’. ఒక క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి అందుకుని జట్టు దాడిని నడిపేవాడు) ఏపీ, విలేకరుల సంఘం, వాల్టర్ క్యాంప్ ఫౌండేషన్ మొదటి జట్టులో వేసి, కోచ్‌లు, స్పోర్టింగ్ న్యూస్ ఇంకొకరిని వేశారనుకుందాం. మొదటివాడు కన్సెన్సస్, కానీ యునానిమస్ కాదు. రెండోవాడు కన్సెన్సస్ కాకపోయినా ‘ఆల్-అమెరికన్’ అని చెప్పుకునే హక్కు అతనికీ ఉంది. యూనివర్సిటీ స్టేడియంలో అతని పేరూ రాస్తారు. కాలేజీల వెబ్‌సైట్లలో ఆల్-అమెరికన్ల లెక్కలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి ఇది ఒక కారణం.

ఎన్‌సీఏఏ ఇక్కడ చేసేది ఏమిటంటే, గౌరవం తను ఇవ్వదు, ఇతరులు ఇచ్చినవాటిని కూడి రికార్డు పుస్తకంలో రాసుకుంటుంది.

హైస్మన్: క్లబ్బు మూతపడ్డా ట్రోఫీ నిలిచింది

న్యూయార్క్‌లో డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ అని ఒకటుండేది. మాన్‌హాటన్ దక్షిణ కొసన, వ్యాపారులు, లాయర్లు ఈతకూ వ్యాయామానికీ వచ్చే క్లబ్బు. 1935లో అది మిసిసిపీ నదికి తూర్పున ఉన్న కాలేజీల్లో ఉత్తమ ఆటగాడికి ఒక ట్రోఫీ ఇచ్చింది. అందుకున్నది చికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బెర్వాంగర్. మరుసటి ఏడాది ఎన్ఎఫ్ఎల్ తొట్టతొలి డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి పేరు కూడా ఇతనిదే. అయినా ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు. ట్రోఫీని కొంతకాలం వాళ్ల పిన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుందంటారు. ఈ రోజు ఆ ట్రోఫీకి ఉన్న విలువ అప్పటికి ఇంకా రాలేదన్నమాట.

క్లబ్బు అథ్లెటిక్ డైరెక్టర్, పాత కోచ్ జాన్ హైస్మన్ 1936 అక్టోబరులో చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం ట్రోఫీకి ఆ పేరు పెట్టి, దేశమంతటికీ వర్తింపజేశారు. జట్టుగా ఆడే ఆటలో ఒక్కడికి బహుమతి ఇవ్వడం హైస్మన్‌కు మొదట ఇష్టం లేదని చెబుతారు. అదే నిజమైతే, ఆయన పేరే దానికి అతుక్కోవడం విచిత్రమే.

అదే పదవిలోకి తర్వాత వచ్చిన రూడీ రిస్కా దశాబ్దాల పాటు హైస్మన్ వ్యవహారాలన్నీ చూసుకున్నాడు. ఇలాంటి మనిషి విలువ 2001 సెప్టెంబరు 11 తర్వాత తెలిసింది. క్లబ్బు భవనం వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు దగ్గర. అప్పటికే అప్పుల్లో ఉన్న క్లబ్బు ఆ దెబ్బతో మళ్లీ తెరుచుకోలేదు. ఆ డిసెంబరు వేడుక టైమ్స్ స్క్వేర్‌లోని ఒక హోటల్లో జరిగింది. క్లబ్బు దివాలా తీసింది, అవార్డు హైస్మన్ ట్రస్టు చేతికి వెళ్లింది. సొంత గదులు లేకపోయినా వేడుక ఒక్క ఏడాదీ ఆగలేదు. ఓటర్లు, పాత విజేతలు, వాళ్లను ఎరిగిన నిర్వాహకులు ఉన్నారు గనక నడిచింది.

ఓట్ల లెక్క

హైస్మన్‌కు ఓటేసేవాళ్లు మూడు రకాలు. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతానికి 145 మంది చొప్పున 870 మంది మీడియావాళ్లు. జీవించి ఉన్న పాత విజేతలు. అభిమానులందరికీ కలిపి ఒకే ఒక్క ఓటు. ప్రతి ఓటరూ ముగ్గురి పేర్లు వరసగా రాస్తాడు. మొదటి పేరుకు 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1.

2024 లెక్క ఇలా ఉంది. హంటర్‌ను 552 మంది మొదట, 251 మంది రెండోస్థానంలో, 73 మంది మూడో స్థానంలో రాశారు: 1,656 + 502 + 73 = 2,231. జెంటీకి 309, 517, 56 వచ్చాయి: 927 + 1,034 + 56 = 2,017. గమనించాల్సింది జెంటీకి వచ్చిన 517. ‘హంటర్ తర్వాత ఇతనే’ అనుకున్నవాళ్లు అంతమంది ఉండటం వల్ల, మొదటి స్థానం ఓట్లలో అంత తేడా ఉన్నా మొత్తం పాయింట్లలో 214 తేడాకు వచ్చేసింది.

ఈ పద్ధతిలో మెలిక 1956లో బయటపడింది. ఓక్లహోమా ఆటగాడు టామీ మెక్‌డొనాల్డ్‌కు అందరికంటే ఎక్కువగా 205 మొదటి స్థానం ఓట్లు వచ్చాయి. నోటర్‌డామ్ ఆటగాడు పాల్ హోర్నంగ్‌కు 197. కానీ రెండు, మూడు స్థానాల ఓట్లు కలిపితే హోర్నంగ్ 1,066తో గెలిచాడు, టెనసీ ఆటగాడు జానీ మేజర్స్ 994తో రెండు, మెక్‌డొనాల్డ్ 973తో మూడు. ఆ ఏడాది నోటర్‌డామ్ రెండే గెలిచి ఎనిమిది ఓడింది. ఓక్లహోమా ఒక్కటీ ఓడలేదు. మెక్‌డొనాల్డ్ జట్టులోని జెర్రీ టబ్స్ నాలుగో స్థానంలో ఉన్నాడు, అంటే ఒకే జట్టుకు రావాల్సిన ఓట్లు చీలాయి.

అయిదో స్థానంలో ఎవరున్నారో చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. సిరక్యూస్‌కు చెందిన జిమ్ బ్రౌన్, తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో చరిత్ర సృష్టించిన నల్లజాతి ఆటగాడు. అప్పటిదాకా ఏ నల్లజాతి ఆటగాడికీ హైస్మన్ రాలేదు. దక్షిణాది యూనివర్సిటీలు చాలావరకు వాళ్లను జట్టులోకే రానివ్వని కాలం. 1961లో, అదే సిరక్యూస్ నుంచి, ఎర్నీ డేవిస్‌కు మొదటిసారి వచ్చింది. లుకేమియాతో 1963లోనే, ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే అతను చనిపోయాడు. కాబట్టి పాత జాబితాలు చదివేటప్పుడు ‘ఆ ఏటి మేటి’ అన్న మాటకు ‘అప్పటి ఓటర్లు చూడటానికి ఇష్టపడినవాళ్లలో’ అని మనమే కలుపుకోవాలి.

ఇప్పటి అభ్యంతరాలు రెండు. ఒకటి, బంతి చేతిలో ఉన్నవాళ్లకే ఓట్లు పడతాయి. విజేతల్లో దాదాపు అందరూ క్వార్టర్‌బ్యాక్‌లు, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లే. ముందు నిలబడి దారి చేసే లైన్‌మన్ ఒక్కడూ గెలవలేదు. 1973లో ఒహాయో స్టేట్ ఆటగాడు జాన్ హిక్స్ రెండో స్థానం దాకా వచ్చాడు. డిఫెన్స్ ఆటగాడిగా గెలిచింది 1997లో చార్లెస్ వుడ్‌సన్. హంటర్ దాడి, డిఫెన్స్ రెండువైపులా ఆడాడు గనక అతని కథ వేరు. సమర్థించేవాళ్లు చెప్పేదీ వినాలి: లైన్‌మన్ పనిని అంకెల్లో కొలవడం కష్టం, వందలమంది ఓటర్లు ప్రతి మ్యాచ్ చూడలేరు, వాళ్లకోసం అవుట్‌ల్యాండ్ ట్రోఫీ 1946 నుంచే ఉంది.

రెండో అభ్యంతరం సమయం. సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్‌లు (పోస్ట్‌సీజన్) మొదలవకముందే ఓటింగ్ ముగుస్తుంది. 2005లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఆటగాడు రెగీ బుష్ గెలిచాడు, టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ రెండోవాడు. కొద్ది వారాలకే రోజ్ బౌల్ అనే పోస్ట్‌సీజన్ మ్యాచ్‌లో ఇద్దరి జట్లూ తలపడ్డాయి, యంగ్ చెలరేగి 41-38తో టెక్సస్‌ను గెలిపించాడు. ఆ రాత్రి ఓటేయమంటే ఫలితం తిరగబడేదని నా అభిప్రాయం. మాక్స్‌వెల్ అవార్డు మాత్రం ఆ ఏడాది యంగ్‌కే వచ్చింది.

ఇచ్చిన ట్రోఫీ వెనక్కి, మళ్లీ ముందుకి

బుష్ కథ అక్కడితో అయిపోలేదు. విద్యార్థిగా ఉండగా అతని కుటుంబం ఏజెంట్ల దగ్గర డబ్బు, సౌకర్యాలు తీసుకుందని ఎన్‌సీఏఏ తేల్చి, 2010లో యూఎస్‌సీపై ఆంక్షలు పెట్టింది. బుష్ హైస్మన్‌ను వదులుకున్నాడు. ట్రస్టు దాన్ని యంగ్‌కు ఇవ్వకుండా 2005ను ఖాళీగా ఉంచింది.

తర్వాత కాలం మారింది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవచ్చు. కోర్టు ఒప్పందంతో 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు. ఈ మార్పులను కారణంగా చూపి 2024 ఏప్రిల్‌లో ట్రస్టు బుష్‌కు ట్రోఫీ తిరిగి ఇచ్చింది. అప్పటి నియమం అప్పటిదే కదా, ఇప్పటి లెక్కతో పాతవి సరిదిద్దడమేమిటి అన్నవాళ్లున్నారు. ఆ నియమమే అన్యాయం, స్టేడియాలు నింపిన కుర్రాడికి రూపాయి దక్కనివ్వలేదు అన్నవాళ్లూ ఉన్నారు. రెండు వాదనలకూ బలముంది. మన ప్రశ్నకు సంబంధించి తేలేది ఇది: ఎన్‌సీఏఏ నిర్ణయం ట్రస్టును కట్టిపడేయలేదు, ఇవ్వడం, తీసుకోవడం, మళ్లీ ఇవ్వడం అంతా ట్రస్టు ఇష్టమే.

ఒక్కో స్థానానికి, ఒక్కో ఊరికి

1980ల నుంచి స్థానాలవారీ అవార్డులు వరసకట్టాయి. క్వార్టర్‌బ్యాక్‌కు ఫోర్ట్‌వర్త్ నుంచి డేవీ ఓబ్రయన్, డిఫెన్స్ మధ్యవరసలోని లైన్‌బ్యాకర్‌కు బట్కస్, వెనకవరస డిఫెన్స్‌కు ఓక్లహోమా సిటీ నుంచి జిమ్ థోర్ప్, రన్నింగ్ బ్యాక్‌కు డాలస్ నుంచి డోక్ వాకర్, పాసు అందుకునే రిసీవర్‌కు టలహాసీ నుంచి బిలెట్నికాఫ్, కిక్కర్‌కు పామ్‌బీచ్ నుంచి లూ గ్రోజా. చివరికి బంతిని మధ్యలోంచి అందించే సెంటర్‌కు కూడా రిమింగ్టన్ ఉంది. ఊళ్ల పేర్లు చూస్తే సంగతి అర్థమవుతుంది: స్థానిక క్లబ్బులు, క్రీడా కమిటీలు, ఛారిటీ విందులు, కాస్త ఊరి ప్రచారం. తేదీలు ఢీకొనకుండా వీళ్లందర్నీ కలపడానికి 1997లో నేషనల్ కాలేజ్ ఫుట్‌బాల్ అవార్డ్స్ అసోసియేషన్ ఏర్పడింది.

సీజన్ మొదలవకముందే వచ్చే ‘వాచ్ లిస్ట్’ల గురించి ఒక్క మాట. ఒక్కో అవార్డుకు పదుల కొద్దీ పేర్లు ప్రకటిస్తారు, కాలేజీలు వెంటనే పత్రికా ప్రకటనలిస్తాయి. వాటిని ప్రచారంగానే చూడాలి. ప్రచారం మాటకొస్తే, 1970లో నోటర్‌డామ్ క్వార్టర్‌బ్యాక్ జో థీస్‌మన్ తన ఇంటిపేరునే ‘హైస్మన్’తో ప్రాస కుదిరేలా ‘థైస్‌మన్’ అని పలికించుకున్నాడు. అయినా రెండో స్థానమే వచ్చింది.

ఇర్వింగ్‌లో ఒక ఆఫీసు

డాలస్ పక్కన ఇర్వింగ్ అంటే మనవాళ్లకు పరిచయం అక్కర్లేదు. నేషనల్ ఫుట్‌బాల్ ఫౌండేషన్ ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ ఊళ్లోనే. జనరల్ డగ్లస్ మెకార్థర్, ఆర్మీ జట్టు కోచ్ రెడ్ బ్లేక్, పత్రికా రచయిత గ్రాంట్లాండ్ రైస్ 1947లో దీన్ని ప్రారంభించారు. ఇది రెండు పనులు చేస్తుంది: చదువుతో పాటు ఆటలోనూ రాణించినవాళ్లను గుర్తించడం, మేటి ఆటగాళ్లకూ కోచ్‌లకూ శాశ్వత గౌరవమిచ్చే మందిరం, కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికలు చేయడం.

మొదటిదానికి విలియం క్యాంప్‌బెల్ ట్రోఫీ ఉంది. 1990లో డ్రాడీ ట్రోఫీగా మొదలై 2009లో ఈ పేరు తెచ్చుకుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు ఈ క్యాంప్‌బెల్‌ను వేరేగా ఎరుగుదురు: ఇంట్యూట్ సీఈవో, స్టీవ్ జాబ్స్‌కూ గూగుల్ పెద్దలకూ సలహాదారు. అంతకుముందు ఆయన కొలంబియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్. ఈ ట్రోఫీకి పోటీపడాలంటే నాలుగుకు కనీసం 3.2 జీపీఏ (చదువులో సగటు మార్కు), ఆటలో ముఖ్యపాత్ర, నాయకత్వం కావాలి. తుది జాబితాకు వచ్చినవాళ్లకు తలా 18,000 డాలర్ల పైచదువుల స్కాలర్‌షిప్, విజేతకు 25,000. టెనసీ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 1997లో హైస్మన్ పోగొట్టుకుని ఇది గెలిచాడు. ఒకే ఏడాది హైస్మన్‌నూ దీన్నీ గెలిచినవాడు ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ డానీ వర్ఫెల్, 1996లో. నన్నడిగితే, ఈ మొత్తం గుంపులో ‘కాలేజీ’ అన్న మాటకు న్యాయం చేసే అవార్డు ఇదే. టీవీలో మాత్రం దీనికి దక్కేది కొద్ది నిమిషాలే.

హాల్ ఆఫ్ ఫేమ్ గుమ్మం ఎంత ఎత్తు

హాల్ ఆఫ్ ఫేమ్ తొలి ఎంపికలు 1951లో జరిగాయి. భవనానికి మాత్రం చాలాకాలం పట్టింది. మొదట న్యూజెర్సీలో, 1869లో తొలి కాలేజీ మ్యాచ్ ఆడిన రట్గర్స్ దగ్గర కడదామనుకున్నారు, కట్టలేదు. 1978లో ఒహాయోలో ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు పక్కన తెరిచారు, 1992లో మూసేశారు. 1995లో నోటర్‌డామ్ ఉన్న సౌత్‌బెండ్‌కు మార్చారు, 2012లో అదీ మూతపడింది. 2014 నుంచి అట్లాంటాలో ఉంది.

ప్రవేశానికి అందర్నీ తికమక పెట్టే షరతు ఒకటుంది. ఆటగాడు ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే జాబితాల్లో కనీసం ఒకదానిలో మొదటి జట్టు ఆల్-అమెరికన్ అయి ఉండాలి, కాలేజీలో చివరి సీజన్ ముగిసి పదేళ్లు గడవాలి. ఎన్ఎఫ్ఎల్‌లో తర్వాత ఏం సాధించాడన్నది లెక్కలోకి రాదు. అందువల్లే ఎన్ఎఫ్ఎల్‌లో దిగ్గజాలైన క్వార్టర్‌బ్యాక్‌లు టామ్ బ్రేడీ, జో మోంటానా ఇందులో లేరు. కాలేజీలో ఉండగా వాళ్లను ఎవరూ మొదటి జట్టులో వేయలేదు. ఇది లోపమని చాలామంది అంటారు. నాకైతే ఈ నియమం సబబుగానే ఉంది, ఎందుకంటే ఇది కాలేజీ ఆటకు పెట్టిన హాల్. కాకపోతే ఏళ్లకిందట కొందరు విలేకరులు రాసిన జాబితాకు ఇప్పటికీ వీటో అధికారం మిగిలినట్టవుతుంది.

కోచ్‌లకు గీటురాయి వేరు: కనీసం పదేళ్లు హెడ్ కోచ్‌గా, 100 మ్యాచ్‌లు, 60 శాతం గెలుపు. 2022 డిసెంబరులో చనిపోయిన మైక్ లీచ్ ఇక్కడే ఆగిపోయాడు. టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపీ స్టేట్ జట్లను నడిపిన ఈయన, బంతిని ఎక్కువగా విసిరి ఆడే పాసింగ్ ఆటతీరును చాలా జట్లు అందిపుచ్చుకున్నాయి. తను కాలేజీ ఫుట్‌బాల్ ఆడలేదు, చదివింది లా. రికార్డు 158 గెలుపులు, 107 ఓటములు. మొత్తం 265 మ్యాచ్‌లు. అరవై శాతానికి 159 గెలుపులు కావాలి, అంటే ఒక్కటి తక్కువ. చిన్న జట్లను పైకి తెచ్చినవాడి గెలుపు శాతాన్ని, పెద్ద జట్లు చేతికి వచ్చినవాడి శాతంతో ఒకే త్రాసులో ఎలా తూస్తారని ఒక వర్గం అడిగింది. ఒక్కరికోసం గీత చెరిపితే రేపు ఇంకొకరు అడుగుతారని ఇంకో వర్గం అంది. 2025లో ఫౌండేషన్ కనీస శాతాన్ని 0.600 నుంచి 0.595కు తగ్గించింది, ఇది 2027 నుంచి అమల్లోకి వస్తుంది. లీచ్‌ది 0.596. ఆయన పేరు బ్యాలెట్ మీదికి రావడానికి ఇక ఆ అడ్డు లేదు. అక్కడినుంచి ఎంపిక చేయాల్సింది ఫౌండేషన్‌లోని ఆనర్స్ కోర్ట్ అనే ఎంపిక కమిటీయే.